రుచి చూడటం నేర్చుకుందాం, 4వ పాఠం: ముందు కారం పక్కన పెట్టండి

మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం నిజానికి వాసనే, అది తెలియాలంటే ముక్కు మూసుకుని తిని చూడమని పోయిన పాఠంలో చెప్పాను. అనంతపురం, కర్నూలు వైపు నుంచి రాసినవాళ్లలో చాలామంది ఉగ్గాని బజ్జితో (బొరుగుల ఉప్మా, మిరపకాయ బజ్జి) చేశారు. "ముక్కు మూసినా బజ్జి నోరు మండించింది, ఇక రుచికి ముక్కుతో పనేముంది?" అని అడిగారు. వాసన పాఠం వచ్చేసారి చూద్దాం. ఇది తేలకుండా ముందుకు పోలేం.

మంట రుచి కాదు. షడ్రుచుల్లో కారం ఉన్నా, దాన్ని పట్టేది నాలుక మీది రుచి మొగ్గలు కావు. అవి పట్టేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (మాంసం, పుట్టగొడుగుల్లాంటి వాటిలోని కమ్మని రుచి). మిరపకాయలో మంట పుట్టించే పదార్థం క్యాప్సైసిన్ పోయి తగిలేది నొప్పిని, వేడిని తెలిపే నరాల కొసలకు. అక్కడ టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం, అంటే కబురు పట్టే ప్రోటీను, ఉంటుంది. వేడి సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే అది తెరుచుకుంటుంది. క్యాప్సైసిన్ తగిలితే ఆ వేడి లేకపోయినా తెరుచుకుంటుంది. మెదడుకు 'కాలుతోంది' అని కబురు పోతుంది, ఒంటికి చెమట పడుతుంది. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021 వైద్య నోబెల్‌లో వాటా దక్కింది.

నమ్మకం కుదరకపోతే మిరప కళ్లంలో తొడిమలు తీసే ఆడవాళ్లను అడగండి. సాయంత్రానికి చేతులు మండుతాయి. చేతికి రుచి మొగ్గలు లేవు. అదే చేతికి బెల్లం పాకం అంటితే జిగట తెలుస్తుంది గానీ తీపి తెలియదు. పచ్చిమిర్చి కోసిన వేలితో కన్ను నలిపితే కన్ను మండుతుంది. ఎర్రకారం దోశ తిన్నాక పెదవుల చుట్టూ చర్మం చురుక్కుమనేదీ ఇందుకే. ఆ నరాలు ముక్కు మూసినా పనిచేస్తూనే ఉంటాయి. కాబట్టి బజ్జితో చేసిన పరీక్ష లెక్కలోకి రాదు.

మంటకు నీళ్లు తాగకండి, క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు. పాలో పెరుగో మేలు. నేనైతే గట్టి పెరుగే తీసుకుంటాను.

ఇప్పుడు సరైన పద్ధతి. జీలకర్ర పొడి, ధనియాల పొడి తీసుకోండి. చెరో చిటికెడు వేర్వేరుగా చప్పటి అన్నంలో కలపండి. ముక్కు వేళ్లతో మూయండి, క్లిప్పులు నాకు నచ్చవు. కళ్లు మూసుకుని నమలండి, అది ఏ పొడో చెప్పండి. మింగాక నోరు తెరవకుండా ముక్కు వదిలి గాలి బయటికి విడవండి. గొంతు వెనక నుంచి ఆవిరి ముక్కు పైభాగానికి చేరి, జీలకర్ర అప్పుడు జీలకర్ర అవుతుంది.

అభ్యాసం: ఇంట్లో ఒకరు వరస చెప్పకుండా పది ముద్దలు పెట్టాలి. ముక్కు మూసి పది, వదిలి పది. ఊహించినా సగం సరిపోతాయి కాబట్టి, వదిలినప్పుడు సరైనవి తొమ్మిదికి తగ్గితే మర్నాడు మళ్లీ చేయండి. పరీక్షకు ముందు గంటసేపు మిరపకాయ, ఊరగాయ, వక్కపొడి ముట్టకూడదు. జలుబు ఉంటే వాయిదా వేయండి.