నెల తప్పాక ఫోన్‌లో చేయాల్సిన నమోదులు: విశాఖ గర్భిణుల కోసం దరఖాస్తు విధానం

నెల తప్పిందని తెలియగానే ఇప్పుడు చాలామంది ముందు ఫోన్‌లో ఒక ప్రెగ్నెన్సీ యాప్ వేసుకుంటున్నారు. ఈ వారం బిడ్డ నిమ్మకాయంత, వచ్చే వారం జామకాయంత అని చూసుకోవడం సంతోషమే. అయితే అందులో పేరు రాసుకుంటే ప్రభుత్వ లెక్కలో గర్భిణిగా నమోదైనట్టు కాదు. ఆ నమోదు మీ వార్డు ఏఎన్‌ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) దగ్గర మొదలవుతుంది. మిగతావన్నీ దాని తర్వాతే.

12 వారాలు దాటకముందే దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫోన్ తీసుకుని వెళ్లండి. ఆఖరి నెలసరి మొదలైన తేదీని ఇంట్లోనే క్యాలెండర్ చూసి కాగితం మీద రాసుకోండి. అక్కడికెళ్లి గుర్తు చేసుకుంటే వారం అటూ ఇటూ అవుతుంది, ప్రసవం తేదీ లెక్కంతా దానితోనే మారిపోతుంది. వివరాలు ఆర్‌సీహెచ్ పోర్టల్‌లో, అంటే తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు నమోదుచేసే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎక్కించాక మీకో నంబరు వస్తుంది. తల్లీబిడ్డల కార్డు మీద ఆ నంబరు రాయించుకున్నాకే కౌంటర్ దగ్గర్నుంచి కదలండి.

ఫోన్ నంబరు అడిగినప్పుడు మీ నంబరే చెప్పండి, మీ ఆయనది కాదు. ఆధార్‌కు లింకైందీ మీదే కావాలి. నా అనుభవంలో ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఇక్కడే. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఉండే మాకు తెలిసిన అమ్మాయి ఆధార్‌కు వాళ్లాయన నంబరే లింకై ఉంది. ఆయన బోటెక్కి వేటకు వెళ్లాడు. ఈమె ఇక్కడ కూర్చుని ఓటీపీ నొక్కుతుంటే అది సముద్రంలో సిగ్నల్ లేని ఫోన్‌కు వెళ్తోంది. మూడుసార్లు ప్రయత్నించి, నాలుగోసారి కళ్లనీళ్లు పెట్టుకుంది. చివరికి ఆధార్ కేంద్రానికి వెళ్లి తన నంబరు మార్పించుకున్నాకే పని జరిగింది. కాబట్టి ఈ మార్పు ముందే చేయించుకోండి. గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్య సలహాలు వినిపించే ప్రభుత్వ కిల్కారీ కాల్స్ కూడా ఆర్‌సీహెచ్‌లో ఇచ్చిన నంబరుకే వస్తాయి. నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికొకటి చొప్పున మొత్తం 72. వాటికి స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, బటన్ ఫోన్ చాలు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.

తర్వాత ఆభా. ప్లే స్టోర్‌లో ఆభా యాప్ దించుకుని ఆధార్ నంబరు కొడితే, ఓటీపీతో 14 అంకెల ఆరోగ్య ఖాతా తయారవుతుంది. ఇది ఉచితం. క్యూఆర్ కోడ్ పెట్టిన ఓపీ కౌంటర్ల దగ్గర స్కాన్ చేస్తే టోకెన్ ఫోన్‌లోకే వస్తుంది, నిండు నెలలతో చీటీ లైన్లో నిలబడే బాధ తగ్గుతుంది. స్కానింగ్, రక్తపరీక్షల రిపోర్టులనూ దానికి జతచేయించుకోవచ్చు.

ఇక డబ్బు వచ్చేది ప్రధానమంత్రి మాతృ వందన యోజన. తొలి కాన్పుకు 5,000 రూపాయలు రెండు విడతల్లో ఇస్తారు. గర్భం నమోదై ఒక్క పరీక్షయినా జరిగాక 3,000, బిడ్డ జననం నమోదై 14 వారాల టీకాలు పూర్తయ్యాక 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 ఒకేసారి. బీపీఎల్ రేషన్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు, ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం వంటి అర్హతల్లో ఏదో ఒకటి చూపాలి. ప్రభుత్వ ఉద్యోగినులకు వర్తించదు. దరఖాస్తును ఈ పథకం పోర్టల్‌లో మీరే ఓటీపీతో లాగిన్ అయి నింపవచ్చు, లేదంటే ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు నింపుతారు. బిడ్డ పుట్టిన 270 రోజుల్లోపు దరఖాస్తు చేరాలి. సందేహాలుంటే 14408.

ఈ డబ్బు మీరు పాస్‌బుక్ ఇచ్చిన ఖాతాలోనే పడుతుందని అనుకోకండి. ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకు ఖాతా అనుసంధానమైందో అందులో పడుతుంది. పొదుపు సంఘం కోసం ఒకటి, గ్యాస్ సబ్సిడీకి ఒకటి తెరిచినవాళ్లు డబ్బు రాలేదని తిరుగుతుంటే, అది ఎప్పుడో మర్చిపోయిన ఖాతాలో పడి ఉంటోంది. మై ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ నొక్కితే బ్యాంకు పేరు కనిపిస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఏ యాప్ కూడా మీ బీపీని, హిమోగ్లోబిన్‌ను కొలవలేదు. బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తామనే యాప్‌లను నమ్మకండి. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం, రక్తం కనబడటం, ఉమ్మనీరు కారడం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా యాప్‌లో వెతుకుతూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేసి కేజీహెచ్‌కో, ఘోషా ఆసుపత్రికో, ఏది దగ్గరైతే అక్కడికి బయల్దేరండి. బీపీ 140/90 వచ్చిందంటే అది ఇంటి వైద్యానికి లొంగేది కాదు. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు జరిగే ఉచిత పరీక్షలకు రిమైండర్ పెట్టుకోండి. యాప్ నిజంగా పనికొచ్చేది ఇలాంటి వాటికే, ఐరన్ మాత్ర వేళ గుర్తుచేయడానికీ.

తొలిచూలు కదా అని ఏడో నెలలో పుట్టింటికి పంపుతారు. శ్రీకాకుళమైనా, నర్సీపట్నమైనా, వెళ్లేముందు మీ ఏఎన్‌ఎంకు చెప్పండి. ఆర్‌సీహెచ్ నంబరు అదే ఉంటుంది, అక్కడ మళ్లీ కొత్తగా నమోదు చేయించుకోవద్దు, రెండు నమోదులైతే డబ్బు చిక్కుల్లో పడుతుంది. తల్లీబిడ్డల కార్డు ప్రతి పేజీనీ ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. అసలు కార్డు మాత్రం చీరల అడుగున బ్యాగులో కాదు, చేతిసంచిలో పెట్టుకోండి.