క్యాంపు ఖైదీలు గీసిన బొమ్మలు చూసేటప్పుడు

నాజీ క్యాంపుల్లో ఖైదీలు గీసిన బొమ్మలు ఇప్పుడు మ్యూజియంల సైట్లలో చాలానే దొరుకుతాయి. బొమ్మ చూడగానే ముందు దాని తేదీ వెతకండి. క్యాంపులో ఉండగా గీసిందా, బయటపడ్డాక గీసిందా తెలియకపోతే మిగతాదంతా తప్పుగానే అర్థమవుతుంది.

లోపల గీసినదైతే, ఎవరి కోసం గీశారో చూడండి. ఇప్పటి చెక్ దేశంలో నాజీలు యూదులను బంధించిన తెరెజిన్‌లో చిత్రకారులు బెడ్రిచ్ ఫ్రిట్టా, లియో హాస్ పగలంతా డ్రాయింగ్ ఆఫీసులో నాజీలు అడిగినవి గీసిపెట్టి, దొంగచాటుగా మాత్రం అక్కడి ఆకలినీ, కిక్కిరిసిన బ్యారక్‌లనీ, చావులనీ గీసేవాళ్లు. 1944 జులైలో పట్టుబడ్డారు. ఫ్రిట్టా అదే ఏడాది పోలండ్‌లోని ఆష్విట్జ్ క్యాంపులో చనిపోయాడు, హాస్ బతికి బయటపడి, తిరిగి వెళ్లి దాచిపెట్టిన బొమ్మలు బయటకు తీశాడు. అదే ఆష్విట్జ్‌లో దీనా గాట్లీబోవా అనే ఖైదీ రోమా (జిప్సీ) ఖైదీల ముఖాలను నీటిరంగుల్లో వేసింది. ఒంటిరంగు ఫొటోల్లో సరిగా రావట్లేదని ఖైదీల మీద ప్రయోగాలు చేసిన నాజీ డాక్టర్ మెంగెలె వేయించుకున్నాడు, తనూ తల్లీ బతకాలని ఆమె వేసింది. ఇది తెలియకుండా "ఎంత బాగుందో" అనేసి పక్కకి జరిగితే ఆ ముఖాల్లోని మనుషులకి అన్యాయం చేసినట్టే.

కొలతలు కూడా చదవండి, స్క్రీన్ మీద అన్నీ ఒకే సైజులో కనిపిస్తాయి కదా.

తర్వాత గీసినవాటిని అంత నమ్మక్కర్లేదని అనుకోకండి. ఆష్విట్జ్ సోండర్‌కమాండోలో, అంటే శవాలను కాల్చే పని చేయించిన ఖైదీల దళంలో, బలవంతంగా పనిచేసిన డేవిడ్ ఒలేర్ యుద్ధం అవ్వగానే గ్యాస్ చాంబర్లు, కొలుముల అమరికను గుర్తున్నంత వివరంగా కాగితం మీద పెట్టాడు, వాటిని సాక్ష్యం చదివినట్టు గది గదిగా, నిదానంగా చూడాలి. జోరన్ ముషిచ్ సంగతి వేరు. ఈ చిత్రకారుడు 1945లో జర్మనీలోని డాఖౌ క్యాంపులో ఖైదీగా ఉండగా దొరికిన కాగితం ముక్కల మీద శవాల కుప్పలు గీశాడు, మళ్లీ 1970లో అవే కుప్పలకి తిరిగొచ్చి "మేమే చివరివాళ్లం కాదు" అనే పేరుతో వరసగా బొమ్మలు వేశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, అక్కడ ఎంతసేపు ఉన్నా తక్కువే.

తెరెజిన్ పిల్లలవైతే ముందు పేరు చదవండి. వాళ్లకి బొమ్మలు నేర్పిన ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ ఎవరి బొమ్మ మీద వాళ్ల పేరు రాయించేది, అలా సుమారు 4,500 బొమ్మలు ప్రాగ్ యూదు మ్యూజియంలో ఉన్నాయి. ఆ పేరుని ఇజ్రాయెల్‌లోని హోలోకాస్ట్ స్మారక సంస్థ యాద్ వాషెమ్ వాళ్ల పేర్ల డేటాబేస్‌లో వెతకొచ్చు. ఇక షేర్ చేసేటప్పుడు ఉత్త "హోలోకాస్ట్ బొమ్మ" అని పెట్టేయకండి, గీసినవాళ్ల పేరు, చోటు, సంవత్సరం మూడూ రాయండి.