పాత జీపు, జిప్సీ ముందు సీట్లను సరిచేసుకునే విధానం

విశాఖపట్నం నుండి శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు చేరే దారి దాదాపు 115 కిలోమీటర్లు. పాత మహీంద్రా జీపులోనో మారుతి జిప్సీలోనో ఆ దారిన వెళ్లివచ్చినవారికి ఇల్లు చేరేసరికి నడుము పట్టేయడం, తొడలు తిమ్మిరెక్కడం, మెడ బిగుసుకుపోవడం అలవాటైన బాధలే. ఈ బండ్లకు ముందూ వెనుకా ఉక్కు పట్టీలను పేర్చి కట్టిన కమాన్ కట్టలే (లీఫ్ స్ప్రింగులే) ఉండటం వలన రోడ్డు మీది ప్రతి కుదుపూ సీటు దాకా వస్తుంది. అందుకే చాలామంది సీట్లు కుట్టే మేస్త్రీ దగ్గరకు వెళ్లి, ఉన్నదాని మీద మరో రెండంగుళాల మెత్తటి స్పంజి వేయించుకుంటారు. కొద్ది రోజులు అది హాయిగానే ఉంటుంది గాని, ఆ తరువాత మెత్తటి స్పంజి అడుగంటా అణిగి, కింది ఇనుము మళ్లీ తగులుతుంది. పైగా కూర్చునే ఎత్తు పెరగడం వలన మోకాళ్లు స్టీరింగుకు దగ్గరపడి, కళ్లు అద్దం పై చట్రానికి ఎదురుగా వస్తాయి. కమాన్ల బండిలో సుఖం ప్రధానంగా శరీరానికి దొరికే ఆనిక మీద, కూర్చునే కోణం మీద ఆధారపడుతుంది. మెత్తదనం గురించి ఆ రెండూ కుదిరాకే ఆలోచించాలి.

కాబట్టి డబ్బు ఖర్చు చేసే ముందు బాధ ఎక్కడినుండి వస్తోందో గుర్తించండి. బండి నడిపేటప్పుడు వేసుకునే చెప్పులో బూట్లో వేసుకుని, బండిని చదునైన చోట నిలిపి, స్టీరింగు పట్టుకుని క్లచ్‌ను పూర్తిగా తొక్కి చూడండి. క్లచ్ అడుగంటా వెళ్లేటప్పుడు నడుము వీపుపలకను వదిలి ముందుకు జరుగుతుంటే సీటు దూరంగా ఉన్నట్లు. మోకాలు స్టీరింగుకు తగులుతుంటే దగ్గరగానో ఎత్తుగానో ఉన్నట్లు. సీటు ముందు అంచుకూ మోకాలి వెనుక మడతకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టే సందు ఉండాలి. అంతకంటే ఎక్కువ ఉంటే తొడలకు ఆధారం చాలక బరువంతా పిరుదుల మీద పడుతుంది. సందే లేకపోతే అంచు నొక్కుకుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి. బెల్టు పెట్టుకునే ఎత్తులో నడుము వెనుక అరచేయి సులువుగా దూరిపోతే అక్కడ ఆనిక లేదని అర్థం. డ్రైవరు సీటు సాధారణంగా తలుపు వైపు ఎక్కువగా కూలబడుతుంది, ఎందుకంటే ఎక్కినప్పుడూ దిగినప్పుడూ మనిషి బరువంతా ఆ అంచు మీదే పడుతుంది. అలా ఒక పక్కకు ఒరిగిన సీటులో గంటల తరబడి కూర్చుంటే వెన్ను కూడా ఒరిగే ఉంటుంది. నడుము నొప్పికి ఇది చాలామంది గమనించని కారణం.

తరువాత సీటును విప్పాలి. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో అడుగు రేకులోని బోల్టులు తుప్పుతో పట్టేసి ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె వేసి నాననివ్వడం, ఉదయం సరైన కొలత గల సాకెట్ పానాతో మెల్లగా ముందుకూ వెనక్కూ తిప్పుతూ విప్పడం మంచిది. తొందరపడితే బోల్టు తల విరిగిపోవచ్చు, లేదా రేకుకు అతికిన నట్టు ఊడి తిరగవచ్చు. సీజే 3బీ నమూనా పాత జీపుల్లో ఇంధన ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. అటువంటి బండిలో ట్యాంకును బయటకు తీయకుండా ఆ దరిదాపుల్లో గ్రైండరు గాని, వెల్డింగు గాని, నిప్పు పుట్టించే మరే పని గాని చేయకూడదు. ఖాళీ చేసిన ట్యాంకు భద్రమనుకోవద్దు. లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసినప్పుడే పేలుడు ప్రమాదం ఎక్కువ.

కవరు విప్పితే లోపలి సంగతి తెలుస్తుంది. ఎండకు పెళుసెక్కిన రెగ్జిన్‌ను లాగగానే పసుపుపచ్చని స్పంజి పొడిపొడిగా రాలుతుంది. దాని కింద కొబ్బరిపీచు చాప, దానికింద తుప్పుపట్టిన మెలికల స్ప్రింగులు, వాటిలో ఒకటో రెండో కొక్కెం ఊడి వేలాడుతూ ఉంటాయి. ఏ పొర మీద ఏ పొర ఉందో, కవరును లోపలి తీగకు ఎక్కడెక్కడ కట్టారో ఫోనుతో ఫొటోలు తీసుకోండి. పాత కవరును పారవేయవద్దు. కుట్లు విప్పితే ప్రతి ముక్కా కొత్త కవరుకు అచ్చుగా పనికివస్తుంది.

చట్రం మీద నింపాదిగా సమయం పెట్టండి. వీపుపలక వంగే కీలు దగ్గరా, సీటును ముందుకూ వెనక్కూ జరిపే స్లైడరు పట్టాలు అతికిన చోటా తీగబ్రష్‌తో గీకి, పగుళ్లు ఉన్నాయేమో వెలుతురులో చూడండి. వెల్డు అంచున సన్నని గోధుమరంగు గీత కనిపిస్తే అది తరచుగా పగులే. చిన్న పగులును మంచి వెల్డరు సరిచేయగలడు గాని, గొట్టమే లోపలినుండి తుప్పు తిని పలచబడి ఉంటే ఆ చట్రానికి ఎంత పని చేయించినా వృథా. ఊడిన స్ప్రింగులను మార్చి, అవి స్పంజిని కోసివేయకుండా పైన దళసరి గోనెపట్ట గాని, ఫెల్టు గాని పరచి అంచులకు కట్టాలి. చాలామంది ఈ పొరను వదిలేస్తారు, అందువలన ఎంత మంచి స్పంజి వేసినా కిందినుండి స్ప్రింగుల అచ్చులు పడి తెగిపోతుంది. రంగు వేసే ముందు తుప్పును పూర్తిగా గీకి, తుడిచి, ఎపాక్సీ ప్రైమరు వేసి దానిమీద ఎనామెల్ వేస్తే మన ఉప్పు గాలికి ఎక్కువ కాలం నిలుస్తుంది. ఒక్క రెడ్ ఆక్సైడ్ పూతతో సరిపెట్టడం ఇక్కడ చాలదు.

ఇక స్పంజి. డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. డెన్సిటీ అంటే ఘనమీటరు స్పంజి ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. అది స్పంజి ఎంతకాలం మన్నుతుందో చెబుతుంది. ఒకే డెన్సిటీలో మెత్తనిదీ గట్టిదీ రెండూ దొరుకుతాయి. సీటు కూర్చునే భాగానికి 40 డెన్సిటీకి తగ్గనిది తీసుకోండి. దుకాణదారు మాటను తూకంతో సరిచూసుకోవచ్చు: ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న 40 డెన్సిటీ షీటు సుమారు 3.3 కిలోలు తూగాలి. అదే కొలతలో రెండున్నర కిలోల లోపు తూగితే అది పరుపుల అంగడిలోని తక్కువరకం స్పంజి అని తెలుసుకుని వదిలేయండి.

నా సలహా ఏమిటంటే, గోనెపట్ట మీద మొదట 50 నుండి 75 మిల్లీమీటర్ల గట్టి స్పంజి, దానిమీద 20 లేదా 25 మిల్లీమీటర్ల మెత్తటి స్పంజి వేయించండి. కుదుపును కింది పొర ఆపుతుంది, పై పొర చర్మానికి హాయినిస్తుంది. పక్క అంచులకూ, తలుపు వైపు మూలకూ చిప్ ఫోమ్ వాడితే బాగుంటుంది. స్పంజి ముక్కలను జిగురుతో కలిపి అదిమి చేసే ఈ రకం బరువుగా, గట్టిగా ఉండి ఎక్కి దిగే ఒత్తిడిని తట్టుకుంటుంది. కూర్చునే భాగం వెనుక వైపు కంటే ముందు వైపు కొంచెం ఎత్తుగా ఉండాలి. చదునుగా ఉంటే ఘాట్ దిగేటప్పుడు బ్రేకు వేసిన ప్రతిసారీ శరీరం ముందుకు జారుతుంది, మనం తెలియకుండానే కాళ్లు బిగబట్టి ఆపుకుంటాం, అలసటలో సగం దానివలనే వస్తుంది. వీపుపలకలో బెల్టు ఎత్తున 15 నుండి 20 మిల్లీమీటర్ల అదనపు పట్టీ పెడితే నడుము వంపుకు ఆనిక దొరుకుతుంది. అంతకు మించితే గంటలో నడుమును ముందుకు నెట్టడం మొదలుపెడుతుంది.

ఈ పొరలను వెంటనే అతికించవద్దు. స్పంజిని కోసి, చట్రం మీద అమర్చి, దుప్పటి చుట్టి తాడుతో కట్టి, సీటును దాని బోల్టులతోనే బండిలో బిగించి, బెల్టు పెట్టుకుని, బీచ్ రోడ్డు వెంట భీమిలి దాకా ఒకసారి వెళ్లిరండి. దారిలో ఎక్కడ నొక్కుకుంటోందో సుద్దముక్కతో దుప్పటి మీద గుర్తు పెట్టుకుని, తిరిగి వచ్చాక అక్కడ కోయడమో కలపడమో చేయాలి. కవరు కుట్టాక ఈ మార్పులు చేయడం ఎంతో కష్టం. తృప్తి కలిగాక మాత్రమే రబ్బరు జిగురును రెండు ముఖాలకూ రాసి, వేలికి అంటుకోనంతగా ఆరనిచ్చి, ఒక్కసారిగా సరైన చోట అదిమి అతికించండి.

కవరు విషయంలో మన ఉక్కపోతను మరచిపోకూడదు. మామూలు రెగ్జిన్ వాననీటిని ఆపుతుంది గాని వీపు తడిసి ముద్దవుతుంది. పైకప్పు ఉన్న బండికి కూర్చునే చోటా, వీపు ఆనే చోటా గట్టి నేత గుడ్డ, పక్కలకు రెగ్జిన్ వేయించుకోవడం నాకు అన్నిటికంటే బాగా నచ్చిన పద్ధతి. టాపు తీసి తిరిగే బండికి దళసరి కాన్వాసు గాని, కూర్చునే చోట చిన్న రంధ్రాలున్న రెగ్జిన్ గాని మేలు. నూలు దారం చెమటకూ వానకూ కుళ్లిపోతుంది కాబట్టి పాలియెస్టర్ దారంతోనే కుట్టమని ముందే చెప్పండి. కూర్చునే చోట మధ్యలో అడ్డకుట్లు ఎక్కువైతే నీరు వాటి గుండానే లోపలికి దిగుతుంది. కొందరు స్పంజిని పాలిథీన్‌తో మూటకడతారు. చెమ్మ ఏదో దారిన లోపలికి చేరి, బయటకు వచ్చే దారి లేక ముక్కవాసన పట్టి చట్రాన్నే తినేస్తుంది, కనుక అడుగున గాలి ఆడే సందులు తప్పక వదలాలి.

పాత సీటును బాగుచేయడమా, వేరే కారు సీటు తెచ్చి వేయడమా అన్న ప్రశ్నకు నా సమాధానం సూటిగానే ఉంటుంది. చట్రం గట్టిగా ఉండి, తల వెనుక ఆనిక ఉంటే బాగుచేయండి. చట్రం తుప్పు తిన్నా, వీపుపలక భుజాల దగ్గరే ఆగిపోయి తల వెనుక ఏమీ లేకపోయినా మార్చండి, ఎందుకంటే వెనుకనుండి మరో బండి గుద్దినప్పుడు మెడను కాపాడేది ఆ తల ఆనికే. దాని పైఅంచు కనీసం చెవుల పైభాగం ఎత్తుకు రావాలి.

మార్చదలచుకుంటే గాజువాక ఆటోనగర్ వైపు వెళ్లి పాత కారు సీట్లు చూసే ముందు మీ బండిలో నాలుగు కొలతలు రాసుకోండి: గేరుపెట్టె ఉబ్బుకూ తలుపుకూ మధ్య వెడల్పు, అడుగు రేకు నుండి ఇప్పటి సీటు పైభాగం ఎత్తు, పాత బోల్టు రంధ్రాల మధ్య దూరాలు, సీటు పూర్తిగా వెనక్కి జరిగినప్పుడు వెనుక మిగిలే చోటు. జిప్సీలోనూ జీపుల్లోనూ వెడల్పు తక్కువ కనుక చిన్న కార్ల సీట్లే పడతాయి. పెద్ద కారు సీటు తెస్తే ఫోర్‌వీల్ లివరు చేతికి అందదు, లేదా తలుపు మూసుకోదు. రెండు పట్టాలకూ లాకు పడే స్లైడరు ఉన్న సీటునే ఎంచుకోండి. పక్కన ఎయిర్‌బ్యాగు గుర్తో, అడుగున పసుపురంగు కనెక్టరో ఉన్న సీటును తాకవద్దు. అందులో పేలుడు పదార్థం ఉంటుంది. బెల్టు బకిల్ సీటుకే బిగించి ఉండే రకమైతే, గుద్దుకున్నప్పుడు మనిషి బరువు సీటు బోల్టుల మీదా పడుతుందని గుర్తుంచుకుని, బకిల్‌ను బండిలోని అసలు బెల్టు స్థానంలోనే బిగించడం భద్రం.

ఈ పనిలో ప్రాణాలతో ముడిపడినది బిగింపే. పలచటి రేకుకు ఉత్త వాషరు వేసి బిగిస్తే, గట్టి దెబ్బకు బోల్టు రేకును చించుకుని పైకి వచ్చేస్తుంది. మోటారు పోటీలకు అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య (ఎఫ్‌ఐఏ) పెట్టిన నియమం ఇక్కడ మంచి కొలమానం: సీటుకు కనీసం నాలుగు బిగింపులు, బోల్టు కనీసం 8 మిల్లీమీటర్లు, రేకు కింద ప్రతి బిగింపుకూ కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 40 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న ఉక్కు పలక. తల మీద బలం తరగతిని తెలిపే 8.8 లేదా 10.9 అంకె చెక్కి ఉన్న బోల్టులే కొనండి. తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ బోల్టులు వేసేవారున్నారు గాని, అంగళ్లలో దొరికే మామూలు రకాలు 8.8 అంత బలమైనవి కావు. 8.8 రకంలో 8 మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు 25, 10 మిల్లీమీటర్ల దానికి సుమారు 45 న్యూటన్ మీటర్ల (టార్క్ పానాతో కొలిచే) బిగింపు సరిపోతుంది. అడుగు రేకే తుప్పుతో చిల్లులు పడి ఉంటే ముందు దానిని కోసి కొత్త రేకు వేయించాలి. చిల్లుల మీద పలక పెట్టి కప్పిపుచ్చడం ప్రమాదకరం. కొత్త సీటును బిగించేటప్పుడు బోల్టులను సగమే తిప్పి, సీటును ముందుకూ వెనక్కూ చివరిదాకా జరిపి, పట్టాలు ఒకదానికొకటి సమాంతరంగా కుదిరాకే పూర్తిగా బిగించండి. అలా చేయకపోతే ఒక పట్టా లాకు పడి రెండోది పడకుండా మిగిలిపోతుంది.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. అందులో సీట్ల సంఖ్య కూడా ఉంటుంది కనుక, ముందున్న ఇద్దరు పట్టే బెంచీ సీటును తీసి విడి సీటు వేయాలనుకునేవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం అవసరం.

పని ముగిశాక నట్టు మీదుగా పలక దాకా ఒక్కటే రంగు గీత గీయండి. నట్టు కదిలితే గీత తెగి కనిపిస్తుంది. మొదట సింహాచలం కొండ రోడ్డు ఎక్కి దిగి, వంపుల్లో సీటు కిర్రుమంటోందా, బ్రేకు వేస్తే పట్టా జారుతోందా అని గమనించి, ఆ తరువాతే అరకుకో లంబసింగికో బయలుదేరండి. కొండ దిగి వచ్చిన మర్నాడు గీతలన్నీ చూసి, వదులైనవాటిని బిగించండి. ఏటా వానలకు ముందు ఒకసారి, తరువాత మరోసారి మ్యాట్లు పూర్తిగా ఎత్తి పలకల చుట్టూ తుప్పు మొదలైందేమో చూసి, మొదలైన చోట అప్పటికప్పుడే గీకి రంగు వేయండి.