మండె కట్టేటప్పుడు వడ్లు ఎందుకు చెడతాయి

నానబెట్టిన వడ్లను గోనెసంచిలో కట్టి మొలకెత్తించడమే మండె కట్టడం. మొలక రాకపోతే ముందు విత్తనాన్నే తిడతాం. చాలా మంచి విత్తనాన్ని కూడా గోనెసంచిలోనే చంపేయవచ్చు. అందుకని ముందు విత్తనం సంగతి విడిగా తేల్చుకోండి.

బస్తా పైన, మధ్య, అడుగు నుంచి గింజలు తీసి కలిపి, ఏరకుండా 100 లెక్కపెట్టండి. మంచివి ఏరితే పరీక్ష పెట్టి లాభం లేదు. తడిపి పిండిన గోనెపట్టా మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి, చుట్టి నీడలో ఉంచి, రోజూ నీళ్లు చిలకరించాలి. ఏడో రోజున వేరూ ఆకుమొలకా రెండూ బాగున్నవాటినే లెక్కలోకి తీసుకోవాలి. ధ్రువీకరించిన వరి విత్తనానికి ఉండాల్సిన కనీస మొలక 80 శాతం. 70 వస్తే పారేయక్కర్లేదు, ఎకరాకు 25 కిలోలు వేసేచోట 29 వేస్తే సరిపోతుంది. 50కి పడిపోతే మాత్రం మార్చేయడమే మేలు. అలాంటి విత్తనంలో మొలిచినవి కూడా పీలగానే ఉంటాయి.

వడ్లగింజలో ప్రాణం ఉన్నది ఒక మూలనున్న చిన్న పిండంలోనే. మిగతా బియ్యమంతా దానికి కట్టిన సద్దిమూట. (మరాడించిన బియ్యం మొలవకపోవడానికి కారణం అదే, మిల్లులో ఆ పిండం తవుడుతో పాటు పోతుంది.) గింజ నీరు పీల్చగానే పిండం నుంచి జిబ్బరెల్లిన్ అనే హార్మోను తవుడు పొరకు చేరుతుంది. అక్కడ తయారయ్యే అమైలేజ్ ఎంజైము పిండిని చక్కెరగా మారుస్తుంది. ఆ చక్కెరను వాడుకోవాలంటే గింజ ఊపిరి తీసుకోవాలి. ఊపిరికి గాలి కావాలి, ఊపిరి తీసుకునేకొద్దీ వేడి పుడుతుంది. మండె చెడిందంటే గాలి ఆడకపోయి ఉండాలి, లేదా వేడి మితిమీరి ఉండాలి.

వడ్లను నీళ్లలో పోసి కలిపి, తేలిన తాలు తీసేయండి. దంప నారుమడికైతే (దమ్ము చేసిన తడి మడికి) కిలో విత్తనానికి లీటరు నీళ్లు, అందులో 1 గ్రాము కార్బెండజిమ్ అనే శిలీంద్రనాశక మందు కలిపి 24 గంటలు నానబెట్టాలి. మందు వేయకపోతే 12 గంటలకోసారి నీళ్లు మార్చండి. రెండు రోజులు నానితే ఇంకా బాగా మొలుస్తుందనుకోవడం పొరపాటు. నీటి అడుగున గాలి అందక గింజ పులుస్తుంది, వాసనే చెబుతుంది.

ఇప్పుడే కోసిన వడ్లయితే ఇంకో చిక్కుంది. కొన్ని రకాలకు కోత తర్వాత కొన్ని వారాలు నిద్రావస్థ ఉంటుంది, ఎంత చక్కగా మండె కట్టినా లేవవు. ఆగే వీలు లేకపోతే లీటరు నీటికి 6.3 మి.లీ. గాఢ నత్రికామ్లం (నైట్రిక్ యాసిడ్) కలిపి (నిద్ర ఎక్కువున్న రకాలకు 10 మి.లీ.) 24 గంటలు నానబెట్టి, బాగా కడిగి మండె కట్టాలి. ప్లాస్టిక్ పాత్ర, చేతికి తొడుగులు తప్పనిసరి. ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో పోయకూడదు.

నానిన వడ్లను వంచి, నీళ్లు పూర్తిగా కారాక గోనెసంచిలో వదులుగా నింపండి. కుక్కితే గాలి ఆడదు. నీడలో వరిగడ్డి పరిచి, దాని మీద సంచి పెట్టి, పైన గడ్డి కప్పి 24 గంటలు ఉంచాలి. మధ్యలో ఒకసారి సంచి నడుమ చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. మొలకకు 30 నుంచి 35 డిగ్రీలు బాగా నప్పుతుంది, 40 దాటితే పిండం దెబ్బతింటుంది. చెయ్యి చురుక్కుమంటే వెంటనే విప్పి పరిచి, నీళ్లు చల్లి, అటూ ఇటూ తిరగేసి మళ్లీ కట్టండి. సంచి నడుమ ఉడికిపోయి అంచుల్లో ఎండిపోవడం తిరగేయనివాళ్లకు జరిగేదే. దాళ్వా, యాసంగి నారుకు కథ వేరు. చలికి మొలక ఆలస్యమవుతుంది కాబట్టి గోరువెచ్చని నీటిలో నానబెట్టి, గడ్డి మందంగా కప్పి, 36 నుంచి 48 గంటలు ఆగాలి.

ముక్కు పగిలి 1-2 మి.మీ. తెల్లగా కనిపించగానే చల్లేయండి. వేర్లు పొడవైతే ఒకదానికొకటి చిక్కుకుని, చల్లేటప్పుడు విరుగుతాయి.

నారుమడిలో నీళ్లు తీసేశాకే చల్లాలి. గాలి తగిలిన గింజ ముందు వేరు వేస్తుంది. మునిగిన గింజ గాలి కోసం ఆకుమొలకను పైకి చాచి, వేరు వేయడం వాయిదా వేస్తుంది. పట్టు దొరకని ఆ మొలకలే చివరికి నీటి మీద తేలతాయి.

మూడో ఆకు వచ్చేసరికి సద్దిమూట అయిపోతుంది. అప్పుడు నారు పసుపురంగుకు తిరిగితే ఆకలి వేసిందన్నమాట. అందుకే 5 సెంట్ల మడికి విత్తేముందు వేసిన కిలో నత్రజని కాక, 12-14 రోజులకు మరో కిలో వేయాలి, అంటే సుమారు 2.2 కిలోల యూరియా.