కొత్త మెటల్ డిటెక్టర్‌తో నేల తవ్వే ముందు

డిటెక్టర్ పెట్టె విప్పిన రోజు ఎవరి చేతులూ ఊరుకోవు. ఆ తొందరలో పాడయ్యేది యంత్రం కాదు, వందల ఏళ్లుగా మట్టిలో పదిలంగా ఉన్న నాణెం. నా బాధంతా దాని గురించే.

ముందు అనుమతి. స్థలం ఎవరిదైతే వాళ్లను అడగండి, ఒప్పుకున్నట్టు కాగితం మీద రాయించుకోండి. దొరికినదాంట్లో ఎవరి వాటా ఎంతో కూడా అప్పుడే తేల్చుకుంటే తర్వాత గొడవలుండవు. రక్షిత కట్టడాల జోలికి అసలు వెళ్లొద్దు. చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. భారతదేశంలో 1878 నాటి చట్టం ప్రకారం నిధి దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. ఇంగ్లాండ్‌లో 1996 నాటి చట్టం 14 రోజులు గడువిస్తుంది.

బయటికి వెళ్లే ముందు ఇంట్లోనే సాధన చేయండి. ఒక నాణెం, ఒక ఇనుప మేకు, కాస్త అల్యూమినియం ఫాయిల్ తీసుకుని 5, 10, 15 సెంటీమీటర్ల లోతున పాతిపెట్టి, వాటి శబ్దాలు చెవికి పట్టేదాకా వినండి. కాయిల్‌ను, అంటే డిటెక్టర్ కింది చివర ఉండే పళ్లెం లాంటి భాగాన్ని, నాణెం మీద ఎటు నుంచి ఊపినా దాదాపు ఒకే శబ్దం వస్తుంది. తుప్పుపట్టిన ఇనుముకు తెగి తెగి వస్తుంది. సన్నటి బంగారు ఉంగరానికీ ఫాయిల్ ముక్కకూ తెరమీద ఒకే అంకె రావచ్చు కాబట్టి, చెత్త వద్దని డిస్క్రిమినేషన్ (వద్దనుకున్న లోహాలకు పలకకుండా చేసే అమరిక) పెంచేస్తే ఉంగరమూ పోతుంది. సెన్సిటివిటీ, అంటే యంత్రం ఎంత చిన్న సంకేతాన్ని పట్టాలో చెప్పే అమరిక, చివరిదాకా పెట్టకండి. యంత్రం ఊరికే అరుస్తుంటే అరుపు ఆగేదాకా తగ్గించండి.

టెటనస్ ఇంజెక్షన్, గట్టి చేతితొడుగులు, మందపాటి బూట్లు తప్పనిసరి. కరెంటు కేబుళ్లు, గ్యాస్ పైపులు పోయే చోట తవ్వొద్దు. ఒకప్పుడు యుద్ధం జరిగిన నేలల్లో పేలని గుండ్లు ఇప్పటికీ బయటపడుతుంటాయి. తుప్పుపట్టి గుండులా ఏది కనిపించినా తాకకండి, గుర్తు పెట్టుకుని వెనక్కి వచ్చి పోలీసులకు ఫోన్ చేయండి.

ఇక తవ్వడం. శబ్దం వచ్చిన చోట కాయిల్‌ను ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా ఊపి చూసి, రెండు గీతలు కలిసే చోట గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తుకు జానెడు దూరం నుంచి మూడు వైపులా కోసి, గడ్డిని వేళ్లతో సహా మూతలా ఎత్తండి. గునపం పోటు నేరుగా నాణెం మీద పడితే ఆ గాటును ఎవరూ మాన్పలేరు. మట్టిని గుడ్డ మీద పోసి పిన్‌పాయింటర్‌తో (చేత్తో పట్టుకునే చిన్న డిటెక్టర్‌తో) వెతకండి. పూడ్చే ముందు గుంటలో ఇంకోసారి కాయిల్ ఊపండి.

అదే చోట రెండో వస్తువు, మూడో వస్తువు కూడా పలికితే చేతులు ఆపేయాలి. 1992 నవంబరులో ఇంగ్లాండ్‌లోని హోక్స్‌న్ దగ్గర ఎరిక్ లాస్ అనే ఆయన, స్నేహితుడైన రైతు పోగొట్టుకున్న సుత్తి కోసం డిటెక్టర్‌తో వెతుకుతుంటే రోమన్ల కాలపు బంగారు, వెండి నాణేలు బయటపడ్డాయి. ఆయన అంతా తవ్వేయకుండా అధికారులకు కబురు పెట్టారు. పురావస్తు నిపుణులు వచ్చి దాదాపు 15 వేల నాణేలు తీశారు. వాటితో పాటు ఆ నిధిని ఏ పెట్టెలో, ఎలా సర్ది దాచారో కూడా తేలింది. ఒక్కరే గబగబా తవ్వి సంచిలో పోసుకుని ఉంటే ఆ పెట్టె కథ మట్టిలో కలిసిపోయేది.

దొరికిన నాణేన్ని రుద్దకండి. ప్యాంటుకు తుడిచి చూడాలనిపిస్తుంది, ఆపుకోండి. అంటిన ఇసుక రేణువులే గీతలు పెడతాయి. రాగి మీద గట్టిగా పట్టిన పచ్చటి పొర చాలాసార్లు కింది అక్షరాలను కాపాడుతుంటుంది. మట్టితోనే చిన్న డబ్బాలో పెట్టి, తేదీ, చోటు, లోతు రాసి లోపల వేయండి. నిపుణులు చూసేదాకా నిమ్మరసం, టూత్‌పేస్టు వంటివి దాని దగ్గరికి రానివ్వకండి. నాకు దొరికిన మొదటి రాగి నాణేన్ని అక్కడికక్కడే బొటనవేలితో రుద్దాను. పచ్చటి పెచ్చు ఊడింది, దానితో పాటు రెండు అక్షరాలూ పోయాయి. అది ఎవరి నాణెమో ఇంతవరకు ఎవరూ చెప్పలేకపోయారు.