మేపుల్‌తో మొదటి కటింగ్ బోర్డు: టేకు అలవాట్లు పక్కన పెట్టండి

మన దగ్గర చెక్క కొనేటప్పుడు ముందు చూసేది చేవ ఉందా లేదా అనే. టేకు దుంగలో అంచున తెల్లగా ఉండే భాగానికి పురుగు పడుతుందని వడ్రంగి పక్కన పడేస్తాడు. అమెరికా వచ్చాక గరాజ్‌లో రంపం పెట్టుకుని మొదటిసారి మేపుల్ కొనడానికి వెళ్లినప్పుడు నేనూ అదే లెక్కతో గోధుమరంగు చేవ ఉన్న పలకలు ఏరుకుని, పైగా చవగ్గా వచ్చాయని సంబరపడ్డాను. ఎందుకు చవకంటే, మేపుల్‌లో అందరూ కోరేది ఆ తెల్లభాగాన్నే!

ఉత్త మేపుల్ అని కాకుండా హార్డ్ మేపుల్ అని అడగండి. సిరప్ తీసే షుగర్ మేపుల్ చెట్టు కలపే అది. చెక్కలోకి ఉక్కు గుండుని సగం దించడానికి ఎంత బలం కావాలో కొలిచి గట్టిదనం చూసే జాంకా పరీక్షలో దీనికి 1,450 పౌండ్లు, రెడ్ ఓక్‌కి 1,290, టేకుకి వెయ్యి పైచిలుకు, సాఫ్ట్ మేపుల్ పేరుతో అమ్మే రెడ్ మేపుల్‌కి 950. బాస్కెట్‌బాల్ కోర్టుల్లో పరిచేది ఈ హార్డ్ మేపులే. రంధ్రాలు కంటికి ఆననంత సన్నం కాబట్టి కూరగాయల తుక్కు ఇరుక్కోదు, కడగడం తేలిక.

అసలు తంటా కోత దగ్గర. టేబుల్ సా (బల్లకి బిగించిన గుండ్రటి రంపం) మీద పలక తోస్తూ చెయ్యి ఒక్క క్షణం ఆపారా, అక్కడ నల్లగా మాడిపోతుంది, ఆ మచ్చ గీకి గీకి భుజాలు పడిపోతాయి. పదునైన 24 పళ్ల బ్లేడు వాడండి, బ్లేడుకి పట్టిన జిగురు ముందే కడిగేయండి, ఫెన్స్ (పలకని ఆనించి తోసే పక్కపట్టీ) బ్లేడుకి సమాంతరంగా ఉందో లేదో చూసుకోండి. నేనైతే ఒక మిల్లీమీటరు ఎక్కువ ఉంచి కోసి, రెండోసారి ఆ మిల్లీమీటరు మాత్రం ఆగకుండా తీసేస్తాను, మాడినదంతా దాంతోనే పోతుంది. చివర్లో తోయడానికి వేళ్లు కాదు, పుష్ స్టిక్ అనే తోపుడు కర్ర వాడండి.

అంగుళంన్నర వెడల్పు ముక్కలు కోసి, ఒక్కోదాన్ని అంచు పైకి వచ్చేలా పక్కకి తిప్పి, నీటికి తట్టుకునే జిగురుతో ఒకదానికొకటి అతికించి రాత్రంతా క్లాంపుల్లో బిగించి ఉంచండి. మర్నాడు చదును చేయడమే. అలలు అలలుగా గీతలున్న కర్లీ మేపుల్ అయితే చిత్రిక పట్టినచోటల్లా పెచ్చులు లేస్తాయి, దానికి స్క్రేపరే (చెక్కని పల్చగా గీకే ఉక్కు రేకు) గతి.

శాండ్ పేపర్ 80, 120, 180 నంబర్ల వరుసలో పట్టించాక తడిగుడ్డతో తుడవండి. లేచిన నూగు ఆరాక 220తో తేలిగ్గా రుద్దితే సరి. టేకు రంగు రావాలని స్టెయిన్ మాత్రం పూయకండి, రంగు సమంగా పీల్చుకోక మచ్చలు మచ్చలుగా వస్తుంది, పైగా ఇది కూరలు తరిగే బోర్డు. మెడికల్ షాపులో దొరికే మినరల్ ఆయిల్ రెండు మూడు సార్లు పట్టించండి. వంటనూనెలు వద్దు, ముక్క వాసన వస్తాయి.

డిష్‌వాషర్‌లో పెట్టకండి, సింక్‌లో నానబెట్టకండి. తేమకి మేపుల్ బాగా ఉబ్బుతుంది, బయట వానలో వదిలేస్తే కుళ్లుతుంది కూడా. కడిగాక నిలబెట్టి ఆరనివ్వండి. ఇంత తెల్ల చెక్క మీద మన వంటింటి పసుపు మరక మొదటిరోజే పడుతుంది, కంగారుపడి శాండ్ పేపర్ అందుకోకండి, నాలుగు రోజులు ఎండ తగిలే కిటికీలో పెడితే అదే వెలిసిపోతుంది.