కాగితంలో 120 మీటర్లు, వీధిలో 86: పంచాయతీని లెక్క అడిగే పద్ధతి

మా వీధి సైడు కాలువ కాగితం మీద 120 మీటర్లు. టేపు పెట్టి కొలిస్తే 86. ఈ రెండంకెలు నా చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. అందులో నాలుగు నెలలు నా తెలివితక్కువతనం వల్లే పోయాయి కాబట్టి, మీకు మూడు నెలల దారి చెప్తాను.

నేను పొదుపు సంఘాలకు పుస్తకాలు రాస్తాను. పద్నాలుగేళ్లుగా అదే పని. సంఘంలో పది రూపాయలు తేడా వచ్చినా, అది ఎవరి ఖాతాలో దాక్కుందో దొరికేదాకా నాకు అన్నం సయించదు. అలాంటిదాన్ని, పంచాయతీ దగ్గరకొచ్చేసరికి అందరిలాగే నోరు పెద్దది చేశాను. గ్రామసభలో లేచి ‘‘ఊరికొచ్చిన డబ్బులన్నీ ఏమైపోతున్నాయి?’’ అన్నాను. ‘‘అన్నిటికీ లెక్కలున్నాయమ్మా’’ అన్నారు సర్పంచి గారు. అంతే, టీలొచ్చాయి. తర్వాత సమాచార హక్కు కింద పదేళ్ల జమాఖర్చులన్నీ ఇమ్మని దరఖాస్తు పెట్టాను. మూడు వేల పేజీలు, పేజీకి రెండు రూపాయల చొప్పున ఆరు వేలు కట్టి తీసుకోండని జవాబొచ్చింది. వాళ్లననడానికి లేదు. ఊరంతా అడిగితే ఊరంత కాగితం వస్తుంది.

ఒక్క పని పట్టుకోండి. ఒక్క ఏడాది పట్టుకోండి. మీరు రోజూ దాటే కాలువో, వెలగని దీపమో, నీళ్లు రాని కుళాయో అయితే మంచిది, దాని గురించి మీకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఆఫీసులో ఉండరు.

ఆ పని ఎవరి డబ్బుతో జరిగిందో ముందు తేల్చుకోవాలి. ఊళ్లో ఉన్నదంతా పంచాయతీది కాదు. మా మెయిన్ రోడ్డు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్లది. బడి పక్క సిమెంటు రోడ్డు ఉపాధి హామీ మెటీరియల్ డబ్బులతో వేసింది. మాకేం తెలుస్తుందంటారా, తెలియకపోయినా నష్టం లేదు: దరఖాస్తు తప్పు ఆఫీసుకు వెళ్తే అయిదు రోజుల్లో సరైన ఆఫీసుకు పంపాల్సిన బాధ్యత వాళ్లదేనని చట్టంలో ఉంది, సెక్షన్ 6(3).

ఇక పంచాయతీ డబ్బు. ఇంటి పన్ను, కుళాయి పన్ను, చెరువు పాటల మీద వచ్చేది జనరల్ ఫండ్. ఢిల్లీ నుంచి వచ్చేది ఆర్థిక సంఘం నిధులు. 2021 నుంచి 2026 వరకు నడిచిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో నూటికి అరవై రూపాయలు ముడిపెట్టి ఇచ్చారు: ముప్పై పారిశుద్ధ్యానికి, ముప్పై తాగునీటికి. ఆఫీసు భాషలో టైడ్ గ్రాంటు. మిగతా నలభై ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ, జీతాలకు వాడకూడదు. ఇది తెలిస్తే, ‘‘పూడిక తీయడానికి డబ్బుల్లేవమ్మా’’ అన్నప్పుడు మీ నోట ఇంకో ప్రశ్న వస్తుంది: ‘‘పారిశుద్ధ్యం వాటా ఈ ఏడాది ఎంత జమైంది, ఎంత మిగిలింది?’’

అయితే ప్రతిసారీ సర్పంచినే నిలదీయడం న్యాయం కాదు. కేంద్రం ఇచ్చిన సొమ్మును రాష్ట్రం పది పనిదినాల్లో స్థానిక సంస్థలకు చేర్చాలి, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి. 2021లో మన ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల ఖాతాల్లో సొమ్మును కరెంటు బకాయిలకు సర్దేశారని సర్పంచులే గగ్గోలు పెట్టారు గుర్తుందా? అలాంటప్పుడు ప్రశ్న పైకి వెళ్లాలి.

తర్వాత ఫోను తీయండి. ఈ-గ్రామ్ స్వరాజ్ అని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ పోర్టల్ 2020 ఏప్రిల్‌లో పెట్టింది. లాగిన్ అక్కర్లేదు. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటూ వెళ్తే ఏ పనికి ఎవరికి ఎంత చెల్లించారో వోచర్ల వారీగా కనిపిస్తుంది. అంతా ఇంగ్లీషే, మా అమ్మాయి పక్కన కూర్చుని చదివింది. ఒక్కటి మరిచిపోవద్దు, లెక్కల ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది. మా కాలువ 2023 ఫిబ్రవరిలో కట్టారు. నేను 2023-24లో వెతుకుతూ నెల పోగొట్టుకున్నాను. అది 2022-23లో ఉంది. దొరికాక పని పేరు, వోచరు నంబరు, తేదీ, మొత్తం, ఈ నాలుగూ నోటు పుస్తకంలో రాసుకోండి. స్క్రీన్ షాట్ కూడా తీయండి.

ఆ అంకెలు చేతిలో ఉంటే సమాచార హక్కు దరఖాస్తు అర పేజీ దాటదు. నాది రెండోసారి ఇలా ఉంది:

‘‘పౌర సమాచార అధికారి మరియు పంచాయతీ కార్యదర్శి గారికి. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) ప్రకారం, 2022-23లో ఫలానా నంబరు వోచరు ద్వారా చెల్లింపు జరిగిన సైడు కాలువ పనికి సంబంధించి: 1) పంచాయతీ తీర్మానం, 2) ఎస్టిమేటు, 3) ఎం-బుక్ (కొలతల పుస్తకం)లో ఈ పని కొలతలు రాసిన పేజీలు, 4) బిల్లు, వోచరు. వీటి ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు.’’

కింద పేరు, చిరునామా, సంతకం, తేదీ. అంతే. ఎందుకు కావాలో రాయక్కర్లేదు, వాళ్లు అడగకూడదు కూడా. ‘‘ఎందుకు తక్కువ కట్టారు?’’ లాంటి ప్రశ్నలు అందులో పెట్టకండి. చట్టం ఉన్న కాగితం ఇప్పిస్తుంది గానీ, సంజాయిషీ రాయించదు. మన దగ్గర గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు రుసుము లేదు, మండలానికి అయిదు రూపాయలు, ఆపైన పది. నకలుకు రెండు రూపాయలు. చేతికిస్తే రెండో కాపీ మీద ముద్ర, సంతకం, తేదీ వేయించుకోండి. తీసుకోవడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. రాయడం రానివాళ్లు నోటితో చెప్తే రాసుకోవడంలో సాయం చేయాల్సిందీ ఆ అధికారే.

ముప్పై రోజులు గడువు. దాటితే నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. అప్పటికీ రాకపోతే ఇంకో ముప్పై రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే తొంభై రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండోది. కమిషన్ తలుచుకుంటే ఆ అధికారికి రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000 వరకు జరిమానా వేయగలదు. నాకు అప్పీలు అవసరం పడలేదు. ముప్పై నాలుగో రోజు అటెండరు కవరు ఇంటికే తెచ్చిచ్చాడు.

ఆ కవరులో అసలైనది ఎం-బుక్ పేజీ. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు పని దగ్గరకొచ్చి కొలిచి, రాసి, సంతకం పెట్టే పుస్తకం అది. దాన్ని బట్టే బిల్లు. పొడవు, వెడల్పు, లోతు, చివర వాటి లబ్ధం. భయపడేదేం లేదు, చీర కొలిచినంత సులువు. ఉదాహరణకు సిమెంటు రోడ్డు 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని రాశారనుకోండి: 100 × 3 × 0.15 = 45 ఘనపు మీటర్లు. మా ఆయన సెంట్రింగు మేస్త్రి. ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకు దాదాపు ఎనిమిది బస్తాల సిమెంటు పడుతుందంటాడు, అంటే ఆ రోడ్డుకు 360 బస్తాలు. లోడు దిగిన రోజు ఎన్ని బస్తాలు చూశారో వీధిలో ఎవరో ఒకరికి గుర్తుంటుంది. మందం మాత్రం పైనుంచి తెలియదు, రోడ్డు తెగిన చోటో అంచు దగ్గరో చూడాలి. పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, మెటీరియల్ శాంపిలు అడిగే హక్కు కూడా సమాచార హక్కు చట్టంలోనే ఉన్నాయి.

కొలవడానికి ఒంటరిగా వెళ్లకండి. అవతలి పార్టీలో తిరిగే బాబాయి ఒకాయన మాతో వచ్చాడు. నేనే బతిమాలి తీసుకెళ్లాను. ఇద్దరూ ఒకే పార్టీ వాళ్లయితే, సాయంత్రానికి కాలువ సంగతి పోయి పార్టీ సంగతి మిగులుతుంది. ఆయన టేపు ఒక కొస పట్టుకున్నాడు, నేను ఒక కొస. 86 కనిపించేలా ఫొటో తీశాం.

నా తప్పు ఇంకొకటి చెప్పాలి. అదే ఏడాది తాగునీటి మోటారు రిపేరుకు మూడు బిల్లులున్నాయి. ఇదేదో మాయేనని వీధిలో నలుగురికి చెప్పేశాను. మెకానిక్కు దగ్గరకెళ్తే తన పుస్తకం తీసి చూపించాడు: లో వోల్టేజీకి వైండింగు నిజంగానే మూడుసార్లు కాలింది. తర్వాతి గ్రామసభలో ముందు ఆ మాటే చెప్పాను, ‘‘మోటారు విషయంలో నేను పొరపడ్డాను.’’ కార్యదర్శి గారు మొదటిసారి నా వైపు తిరిగి కూర్చున్నారు.

కాలువ గురించి తిన్నారని గానీ, దొంగ బిల్లని గానీ అనలేదు. ‘‘ఎం-బుక్‌లో 120 ఉంది. మేం కొలిస్తే 86 వచ్చింది. ఏఈ గారొచ్చి అందరి ముందు కొలవాలి. ఈ మాట మినిట్స్‌లో రాయండి.’’ ఇదే మూడుసార్లు చెప్పాను. గ్రామసభ సర్పంచి గారి ఇంటి మీటింగు కాదు, రాజ్యాంగంలోనే ఉంది, ఓటరు జాబితాలో పేరున్న అందరూ సభ్యులే. తెలంగాణ వాళ్లకైతే 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాలి. పుస్తకాలు రాసేదానిగా ఒక్క హెచ్చరిక: హాజరు కోసమని ఖాళీ పేజీ కింద సంతకం పెట్టకండి. తీర్మానం రాసి, చదివి, చివరి అక్షరం తర్వాత మిగిలిన ఖాళీకి అడ్డగీత కొట్టాకే పెట్టండి. మా సంఘాల్లో నేను అలాగే పెట్టిస్తాను.

ఈ చదివి వినిపించే అలవాటు నాకు సామాజిక తనిఖీలో వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో ఉపాధి హామీ మస్టర్ల (కూలీల హాజరు పట్టీల)తో మొదలైంది అది. నేనూ ఒకసారి తనిఖీకి వెళ్లాను. మస్టరులో పేరు బయటికి చదివితే, ‘‘ఆయన పోయి రెండేళ్లయింది కదమ్మా’’ అని ఎవరో ఒకరు అంటారు. కాగితం గట్టిగా చదివితే ఊరే ఆడిటరు.

సభలో పని కాకపోతే ఎంపీడీఓ గారికి, జిల్లా పంచాయతీ అధికారికి, సోమవారం కలెక్టరేట్ అర్జీల్లో ఇవ్వండి. ఎం-బుక్ నకలు, ఫొటో జత చేసి, అర్జీ నంబరు తీసుకోండి. నంబరు లేని అర్జీ ఎవరికీ గుర్తుండదు. మాకు కలెక్టరేట్ దాకా వెళ్లాకే ఏఈ గారు కదిలారు.

ఆయన వచ్చి కొలిస్తే తేలిందేమిటంటే, బడి వెనక 20 మీటర్ల కాలువ ఇదే పని కింద రాశారట. మేం అటు చూడనే లేదు. అది నిజమే, కాలువ అక్కడుంది. మిగతా 14 మీటర్లు మాత్రం ఎవరూ చూపించలేకపోయారు. ఆ సాయంత్రం నేల మీద సుద్దతో గీత గీసి, ఇంత కట్టిస్తామని కాంట్రాక్టరు చేత రాయించారు. మే నెలలో కట్టారు. సిమెంటు ఆరాక బాబాయీ నేనూ మళ్లీ టేపు పెట్టాం. 14 మీటర్ల 30 సెంటీమీటర్లు.